స్టేక్ విందుకు ఏ మాంసం, ఏ సాస్, ఏ గడ్డ: నల్లగొండ, పాలమూరు వంటింటికి సరిపోయే ఎంపిక

మందంగా కోసిన మాంసం ముక్కను బాగా కాగిన పెనం మీద పైన ఎర్రగా కాల్చి, లోపల రసం ఆరిపోకముందే దించితే అది స్టేక్. పక్కన ఆకులతో చేసిన సాస్, మెదిపిన కందగడ్డ (చిలగడదుంప) పెడితే నిండైన భోజనం. హైదరాబాద్‌లో ఎక్కడో తిని వచ్చి ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్లు మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో, సూర్యాపేటలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకు అడ్డం పడేది వంట కాదు, సామాను. వీడియోలో చూపించే ముక్క మన మటన్ షాపులో ఉండదు. పార్స్‌లీ ఆకు కూరగాయల మార్కెట్‌కు రాదు. నారింజ రంగు గడ్డ కనిపించదు. సరే అని బోన్‌లెస్ మటన్ తెచ్చి పెనం మీద వేస్తే నమలలేనంత గట్టిగా వస్తుంది, ఇక ఈ వంట మనకెందుకులే అని వదిలేస్తారు. వదిలేయొద్దు. మన దగ్గర దొరికేవాటిలోనే ఈ వంటకు పనికొచ్చేవి ఉన్నాయి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ముందే చెప్పేస్తాను: రెండు ఎముకలు కలిపి మందంగా కోయించిన గొర్రె చాప్స్, చేత్తో తరిగిన కొత్తిమీర పుదీనా సాస్, నిదానంగా కాల్చి మెదిపిన కందగడ్డ. ఇంట్లో పెద్దకూర (బర్రె, దున్న మాంసం) తినే అలవాటుంటే చాప్స్ బదులు అండర్‌కట్, అంటే వెన్నెముక కింది మెత్తటి కండ తీసుకోండి. మిగతావి ఎప్పుడు, ఎవరికి పనికొస్తాయో, ఎందుకో కింద చెప్తున్నాను.

మాంసం: కూరకు మంచిది వేరు, పెనానికి మంచిది వేరు

మన ఇళ్లలో మటన్ ఎంచే లెక్క అంతా కూర కోసం. తొడ, జబ్బ, మెడ, కాస్త కొవ్వు, రెండు కార్జం ముక్కలు కలిపి కొట్టించుకుంటాం. గంటసేపు ఉడికితే గట్టి కండలోని జిగురు పొరలు కరిగి రసంలోకి దిగుతాయి, అందుకే జబ్బ కూర అంత రుచి. స్టేక్‌కు ఆ సమయం ఉండదు. పెనం మీద మొత్తం ఎనిమిది, పది నిమిషాలే. అంతలో ఆ పొరలు కరగవు, బిగుసుకుంటాయి. కాబట్టి జంతువు నడకకు, మేతకు ఎక్కువగా వాడని కండనే తీసుకోవాలి. అది వెన్నెముకకు ఇరువైపులా, దాని కింద ఉంటుంది. తొడ, జబ్బ ఎంత లేతగా కనిపించినా మందం ముక్కగా కాల్చడానికి తేవద్దు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఆదివారం పొద్దున కోసిన పొట్టేలు మధ్యాహ్నానికి మన పొయ్యి మీద ఉంటుంది. కోసిన కొన్ని గంటలకే కండ బిగుసుకుంటుంది, ఆ బిగువు సడలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత మాంసంలోనే ఉండే ఎంజైములు నార పోగులను మెల్లమెల్లగా వదులు చేస్తాయి. ఉడికించే కూరకు ఈ తేడా పెద్దగా తెలియదు, కాల్చే ముక్కకు అదే ప్రాణం. అందుకే ఆదివారం రాత్రి విందైతే శుక్రవారం సాయంత్రమో శనివారం పొద్దున్నో మాంసం తెచ్చుకోండి. కడిగి నీళ్లలో నానబెట్టకుండా, తుడిచి, ఉప్పు రాసి, స్టీలు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. ఫ్రిజ్ 4 డిగ్రీల లోపు చల్లదనం పట్టాలి. కరెంటు గంటల తరబడి పోయే ఊరైతే ఈ పని చేయొద్దు, ఆ పూట చికెనో చేపో ఎంచుకోండి.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

గొర్రె చాప్స్. మనది గొర్రెల సీమ. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికంటే ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణే, దాదాపు 1.9 కోట్లు. అందులో పాత పాలమూరు జిల్లాది పెద్ద వాటా. అలాంటి చోట ఉండి స్టేక్ కోసం హైదరాబాద్ నుంచి గడ్డకట్టిన విదేశీ ముక్కలు తెప్పించుకోవడం నాకు నచ్చదు. షాపులో అడిగే తీరే అసలు కిటుకు. "చాప్స్ ఇవ్వన్నా" అంటే ఒక్కో ఎముకకు ఒక్కో ముక్క పలుచగా కొట్టి ఇస్తాడు. అవి పెనం మీద రంగు రాకముందే లోపల ఎండిపోతాయి. "రెండు ఎముకలు కలిపి ఒక ముక్క రావాలె, రెండు వేళ్ల మందం ఉండాలె, కత్తితో కోసి ఎముక దగ్గర మాత్రమే కొట్టు" అని తూకానికి ముందే చెప్పండి. మొద్దు మీద కసాబిసా కొడితే ఎముక పెంకులు కండలో గుచ్చుకుంటాయి. ఆదివారం రద్దీలో ఇంత వివరంగా వినే తీరిక అతనికి ఉండదు, వారం మధ్యలో వెళ్తే ఓపికగా కోసిస్తాడు. ముదురు పొట్టేలు వద్దు, లేతది అడగండి. కొవ్వు తెల్లగా గట్టిగా, కండ లేత ఎరుపులో ఉండాలి. మనిషికి ఎముకతో కలిపి పావుకిలో లెక్క.

చాప్స్‌లో ఉన్న మేలు ఏమిటంటే అంచున ఉండే కొవ్వు కరిగి ముక్కను తనే తడుపుతుంది. వేడి ఒక నిమిషం ఎక్కువైనా పాడవదు. కొత్తగా చేసేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన ముక్క లేదు. ఖర్చే ఎక్కువ, చికెన్ ధరకు మూడింతలు పైమాటే.

మేక మాంసం ఇష్టపడేవాళ్లకు ఒక మాట. మేకలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. కూరకు నేనూ మేకపోతునే కోరుకుంటాను. పెనానికి మాత్రం గొర్రెదే పైచేయి.

పెద్దకూర అండర్‌కట్. స్టేక్ పుట్టింది ఈ తరహా మాంసంతోనే. మన రాష్ట్రంలో 1977 చట్టం కింద ఆవులను కోయడం నిషేధం, కాబట్టి ఇక్కడ నేను చెప్పేది బర్రె, దున్న మాంసం గురించే. వెన్నెముక కింద పొడుగ్గా, కొసన సన్నగా ఉండే మెత్తటి కండను అండర్‌కట్ అంటారు. అదొక్కటే కొనండి. కోతకు వచ్చే బర్రెలు చాలావరకు వయసు మళ్లినవే, మిగతా కండలన్నీ కూరకో కబాబుకో తప్ప స్టేక్‌కు పనికిరావు. ఒక జంతువులో వచ్చే అండర్‌కట్ కొంచెమే, అదీ హోటళ్లకు పోతుంది కాబట్టి రెండు రోజుల ముందు చెప్పి పెట్టుకోవాలి. పశువైద్యుడు చూసి ముద్ర వేసిన మాంసం అమ్మే చోటే తీసుకోండి. తెల్లటి వెండిపొర ఒకటి దాని మీద ఉంటుంది, చిన్న కత్తితో దాన్ని తీసేయకపోతే కాలేటప్పుడు ముక్క వంకర తిరుగుతుంది. మూడు సెంటీమీటర్ల మందాన అడ్డంగా కోయండి. మనిషికి 150 నుంచి 180 గ్రాములు చాలు.

రుచిలో ఇదే మొదటిది. అయితే బర్రె మాంసంలో కొవ్వు బాగా తక్కువ, ఒక్క నిమిషం ఎక్కువైతే పొడిబారుతుంది. చివర్లో నెయ్యి, వెన్న పైన పోస్తూ కాల్చాలి. తినని చుట్టాలు వస్తున్నారంటే ఆ పూట దీన్ని వండకపోవడమే మర్యాద. ఇద్దరికి ఒకటి, ఇద్దరికి ఇంకొకటి చేయాల్సి వస్తే పెనాలు, చాకులు, పళ్లేలు వేరువేరుగా పెట్టుకోండి, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

పలుచటి ముక్కలు, రాతి మీద. హైదరాబాద్ పత్థర్ కా గోష్త్ మన దగ్గర స్టేక్‌కు అన్నిటికంటే దగ్గరి చుట్టం. తొడ మాంసాన్నే నారకు అడ్డంగా పలుచగా కోసి, పచ్చి బొప్పాయి, అల్లం ఎల్లిగడ్డ పట్టించి, బొగ్గుల మీద కాగిన నల్లరాతి పలక మీద కాలుస్తారు. పది, పదిహేను మంది వచ్చేటప్పుడు చాప్స్ కొనడం భారమైతే ఇదే సరైన దారి. తొడ మాంసం వాడుకోవచ్చు, ముక్కలు రెండు మూడు నిమిషాల్లో అవుతాయి. పచ్చి బొప్పాయి కిలోకు రెండు చెంచాలు చాలు, అరగంట దాటనివ్వొద్దు. దానిలోని ఎంజైము పైపొరను పిండి పిండిగా చేస్తుంది, లోపలికి పోదు. అందుకే మందం ముక్కలకు బొప్పాయి రాయొద్దంటాను. రాయి విషయంలో జాగ్రత్త: వంటింటి గట్టుకు పరిచే పాలిష్ గ్రానైట్ ముక్క పెట్టొద్దు, పగిలి ఎగిరే ప్రమాదం ఉంది. రాయి లేకపోతే మందపాటి ఇనుప పెనం చాలు.

చేప, చికెన్, పనీర్. జూరాల, సాగర్ చేపలు దగ్గర్లో దొరికేవాళ్లకు కొర్రమీను మంచి ఎంపిక. మన రాష్ట్ర చేప కూడా అదే. బొచ్చె, రవ్వల్లో సన్నముళ్లు ఎక్కువ, చాకుతో కోసుకు తినే వంటకు కుదరవు. కొర్రమీను కండ గట్టిది, ముళ్లు తక్కువ, పెనం మీద విరిగిపోదు. చికెన్ బ్రెస్ట్ చవక, పిల్లలు ఇష్టంగా తింటారు. మందంగా ఉన్న వైపు పప్పుగుత్తితో మెల్లగా తట్టి అంతా ఒకే మందం చేయండి, లేదంటే ఒక కొస ఎండుతుంది, ఒక కొస పచ్చిగా ఉంటుంది. పనీర్ తినేవాళ్లకు రెండు సెంటీమీటర్ల పలక, పక్కకు ఒక నిమిషం. అంతకుమించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పెనం, నూనె, వేడి

జొన్నరొట్టెల పెనం ప్రతి ఇంట్లో ఉంటుంది. అది పలుచనిదైతే చల్లటి మాంసం పడగానే వేడి పడిపోయి, ముక్క నీరు వదిలి ఉడకడం మొదలెడుతుంది. బరువైన ఇనుప దోసె పెనమో మందపాటి ఇనుప కడాయో తీసుకోండి. నాన్‌స్టిక్ వద్దు, ఈ వంటకు కావాల్సినంత వేడి దాని పూతకు మంచిది కాదు.

నూనెల్లో పాలమూరు వాళ్లకు పల్లినూనె చేతికందే దూరంలో ఉంది. గానుగ నూనె వాసన బాగుంటుంది, కానీ తొందరగా పొగ వస్తుంది. కాల్చడానికి రిఫైన్డ్ పల్లినూనె లేదా నెయ్యి, సాస్‌లోకి గానుగ నూనె అని పంచుకుంటే రెండూ పనికొస్తాయి. వెన్న మొదట్లోనే వేస్తే మాడుతుంది. చివరి నిమిషంలో దంచిన ఎల్లిగడ్డ రెబ్బలతో కలిపి వేయండి.

ముక్కను వండే ముందు అరగంట బయట పెట్టి, గుడ్డతో తడి లేకుండా తుడవండి. తడి ఉంటే ఎర్రటి పొర రాదు. ఉప్పు ముందురోజే రాయడం మేలు. కుదరకపోతే కనీసం ముప్పావుగంట ముందు రాయండి, అదీ కుదరకపోతే సరిగ్గా పెనంలో వేసేటప్పుడు చల్లండి. పది నిమిషాల ముందు చల్లితే మాత్రం అప్పటికి నీరు పైకి వచ్చి నిలుస్తుంది, లోపలికి తిరిగి పోయే సమయం ఉండదు. మిరియాలు చివర్లో.

ఎంత కాల్చాలి? విదేశాల్లో లోపల 55 డిగ్రీల దగ్గర ఎర్రగా ఉండగానే దించుతారు. మన షాపుల్లో మాంసం బయటి గాలిలో వేలాడుతుంది, ఎక్కడ ఎంతసేపు ఉందో మనకు తెలియదు. కాబట్టి గొర్రె, పెద్దకూర రెండింటికీ లోపల 63 డిగ్రీలు దాటేలా కాల్చి, దించాక కనీసం మూడు నిమిషాలు ఉంచండి. గులాబీ రంగు కొద్దిగా మిగులుతుంది, రసం ఉంటుంది. చికెన్‌కు 74. చేపకు 63. ఆన్‌లైన్‌లో దొరికే గుచ్చి చూసే థర్మామీటర్ కొనుక్కోండి. ఈ మొత్తం వంటలో కొనాల్సిన కొత్త సామాను అదొక్కటే, మిగతా అందాజాలన్నీ దాని ముందు దిగదుడుపే. గర్భిణులకు, చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు గులాబీ రంగు అసలే మిగలకుండా కాల్చి పెట్టండి.

మూడు సెంటీమీటర్ల ముక్కకు పెద్ద మంట మీద పక్కకు మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక్కసారే తిప్పాలన్న నియమం లేదు, నిమిషానికోసారి తిప్పితే లోపల సమంగా కాలుతుంది. చాప్స్‌ను ముందు కొవ్వు అంచు మీద నిలబెట్టి కరిగించండి, తర్వాత పక్కలు.

సాస్: పచ్చిదా, ఉడికిందా

అర్జెంటీనాలో మాంసంతో తినే చిమిచుర్రి ఈ తరహా సాసుల్లో పేరున్నది. పార్స్‌లీ, ఒరెగానో, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, వెనిగర్, నూనె. పార్స్‌లీ కోసం హైదరాబాద్ పరుగెత్తి, వాడిపోయిన కట్ట తెచ్చుకునే బదులు మన కొత్తిమీరతో చేస్తేనే బాగుంటుందని నా గట్టి నమ్మకం. నలుగురికి పెద్ద కొత్తిమీర కట్ట ఒకటి లేత కాడలతో సహా, పదిహేను పుదీనా ఆకులు, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, రెండు పచ్చిమిర్చి అన్నీ కత్తితో సన్నగా తరగండి. ఐదు చెంచాల గానుగ పల్లినూనె, ఉప్పు, పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లం ఉంటే చిటికెడు. నిమ్మరసం వడ్డించే ముందే పిండాలి, ముందుగా పిండితే పులుపుకు ఆకు రంగు మారి గోధుమరంగు తిరుగుతుంది. నకిరేకల్ వైపు నిమ్మతోటలున్నంత కాలం వెనిగర్ సీసా మనకు అక్కర్లేదు.

మిక్సీలో వేయొద్దు. మెత్తగా రుబ్బితే అది రొట్టెలోకి పచ్చడి అవుతుంది, మాంసం మీద నూనెలో విడివిడిగా మెరిసే ఆకు రాదు. పుదీనా కూడా ఎక్కువ వేయొద్దు, బిర్యానీ వాసన వచ్చేస్తుంది. పచ్చి ఎల్లిగడ్డ నూనెలో ఉన్న ఈ సాస్‌ను బయట నిలవ ఉంచితే ప్రమాదం. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే ముగించండి.

ఇది అండర్‌కట్‌కు, చేపకు, చికెన్‌కు సరిగ్గా కుదురుతుంది. గొర్రె చాప్స్‌కు ఇంకో దారి ఉంది, అది నాకు ఇంకా ఇష్టం: పుంటికూర (గోంగూర) సాస్. గుప్పెడు ఆకు, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి నెయ్యిలో రెండు నిమిషాలు మగ్గించి, కత్తితో తరిగి, వేడి మీదే రెండు చెంచాల వెన్న, ఒక చెంచా మీగడ కలపండి. గొర్రె కొవ్వును కోసే పులుపు దానిలోనే ఉంది, నిమ్మ వద్దు. స్టీలు గిన్నెలో చేయండి, ఇనుములో చేస్తే నల్లబడి ఇనుప రుచి వస్తుంది. పుంటికూర మటన్ ఎరిగిన ఇంట్లో పెద్దవాళ్లు ఈ పళ్లేన్ని కొత్తగా చూడరు, అదే దీని బలం.

మీగడ, మెంతికూరతో తెల్లటి సాస్ చేసేవాళ్లున్నారు. చికెన్‌కు ఫర్వాలేదు. తియ్యటి కందగడ్డ పక్కన మీగడ సాస్ పెడితే నోరు మొహం మొత్తుతుంది, నేను వద్దంటాను.

కందగడ్డ: ఉడకబెట్టాలా, కాల్చాలా

శివరాత్రి ముందు బండ్ల మీద కుప్పలుగా వచ్చే ఎర్రతొక్క గడ్డ లోపల తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది. విదేశీ వంటల్లో కనిపించే నారింజ రంగు గడ్డలో నీరు ఎక్కువ, అది దానంతటదే జారుగా మెదుగుతుంది. నారింజ రంగులో 'భూ సోనా' లాంటి రకాలను తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధనా సంస్థ తయారు చేసింది, విటమిన్ ఏ కోసం అవి మేలైనవి. దొరికితే తీసుకోండి. దొరకలేదని ఆగొద్దు. లోపల తెల్లగా ఉండే కందగడ్డకు పాలు, వెన్న కాస్త ఎక్కువ పడతాయి, అంతే. సన్నగా పొడుగ్గా ఉన్నవాటిలో, ముదిరినవాటిలో పీచు ఉంటుంది. మధ్యస్థంగా, నున్నగా, మచ్చలు లేనివి ఏరండి. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల గట్టిబడి ఎంత ఉడికించినా మెదగవు.

వండే పద్ధతిలో తేడా రుచిలో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గడ్డలో ఉండే ఒక ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది, అది సుమారు 57 నుంచి 77 డిగ్రీల వేడి మధ్య పని చేస్తుంది. కుక్కర్‌లో గడ్డ ఆ వేడిని నిమిషాల్లో దాటేస్తుంది, అందుకే చప్పగా నీళ్లోడుతూ ఉంటుంది. నిప్పుల బూడిదలో పూడ్చినా, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా వేడి నిదానంగా లోపలికి పోతుంది, తీపి పెరుగుతుంది, నీరు తగ్గి రుచి చిక్కబడుతుంది. పల్లెలో కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకు ఇది పైసా ఖర్చు లేని పని: వంటయ్యాక మిగిలిన నివురులో ముప్పై, నలభై నిమిషాలు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఇడ్లీ పాత్రలో తొక్కతోనే ఆవిరి పట్టండి, అరగంట పడుతుంది. కుక్కర్ ఆఖరి దారి. తప్పకపోతే నీళ్లలో ముంచకుండా పైన గిన్నెలో పెట్టి రెండు విజిల్స్.

వేడిగా ఉండగానే తొక్క తీసి పప్పుగుత్తితో మెదపండి. 800 గ్రాముల గడ్డకు 40 గ్రాముల వెన్న, చిన్న కప్పు వేడి పాలు, ఉప్పు, మిరియాలు. అర నిమ్మచెక్క, చిటికెడు కారం తప్పకుండా వేయండి. మనకు కందగడ్డ అంటే బెల్లంతో తినే అలవాటు కాబట్టి ఉప్పు చేతికి తక్కువ పడుతుంది. ఇక్కడ అది మాంసం పక్కన కూర్చోవాలి, తీపి వెనక్కి తగ్గాలి.

తీపి అసలే పడనివాళ్లకు ఆలుగడ్డ మెదిపి పెట్టండి, బలవంతం వద్దు. ఇద్దరికీ కుదరాలంటే సగం సగం కలిపినా బాగుంటుంది. కానీ పుంటికూర సాస్ చేస్తే మాత్రం కందగడ్డే ఉండాలి. ఆ పులుపుకు ఈ తీపి తోడు లేకపోతే పళ్లెం బోసిపోతుంది.

వరుస

ముందు గడ్డ కాల్చడానికి పెట్టండి. అది ఉడుకుతుండగా ఆకు తరిగి సాస్ కలుపుకోండి, నిమ్మ తప్ప. గడ్డ మెదిపి మూతపెట్టి వేడినీళ్ల గిన్నె మీద ఉంచండి. అందరూ కూర్చున్నాకే మాంసం పెనంలో వేయండి, దించాక ఐదు నిమిషాలు పళ్లెంలో కదపకుండా ఉంచండి, కారిన రసాన్ని పారబోయకుండా సాస్‌లో కలపండి. ఇంటికి ఒక్కటే పెనం ఉండి ఎనిమిదిమంది ఉంటే మందం ముక్కల జోలికి పోకుండా పలుచటి ముక్కలే ఎంచుకోండి. రెండు విడతల్లో కాలిస్తే మొదటివాళ్లది చల్లారుతుంది.

ముక్కలు మిగిలితే మళ్లీ పొయ్యి మీద ఎక్కువసేపు పెట్టొద్దు, తోలులా అవుతాయి. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున సన్నగా చీల్చి, ఉల్లిగడ్డతో పెనం మీద ఒక్క నిమిషం పొగలొచ్చేలా తిప్పి, మిగిలిన సాస్ వేసి జొన్నరొట్టెలోకి పెట్టుకోండి.